వంటగది తలుపులు ఎటు తెరుచుకోవాలి?

తమ్ముడూ, ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కొత్త ఇల్లు బుక్ చేశామనీ, వంటగది ఎంచుకోవడానికి బిల్డరు డిజైన్ సెంటరుకు, అంటే క్యాబినెట్ల లాంటివి చూసి ఎంచుకునే చోటుకు, వెళ్తున్నామనీ రాశారు. క్యాబినెట్లకు ఏ రంగు బాగుంటుందని అడిగారు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ ముందు అడిగేది అదే. రంగు మీ దంపతులిద్దరూ తేల్చుకోండి. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో మాత్రం సంతకానికి ముందే చూసుకోవాలి. ఆ తరువాత చేసే ప్రతి మార్పూ డబ్బే.

మా మొదటి ఇంట్లో ఫ్రిజ్‌ను గోడ వారన పెట్టించాం. స్థలం 36 అంగుళాలు, ఫ్రిజ్ కూడా అంతే, చక్కగా ఇమిడిందని సంతోషపడ్డాం. తీరా చూస్తే గోడవైపు తలుపు పిడి గోడకు తగిలి 90 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. తలుపు అంతకు మించి తెరుచుకుంటే తప్ప కూరగాయల సొరుగు బయటకు రాదు. దాన్ని కడగాలంటే మా ఆవిడా నేనూ ఫ్రిజ్‌ను ముందుకు లాగేవాళ్ళం. బిల్డరును అడిగితే ప్లాను మీద సంతకం మీదే కదా అన్నాడు. చివరకు పక్క క్యాబినెట్ తీయించి, సన్నది చేయించి, కౌంటరు రాయి కోయించి, గోడకూ ఫ్రిజ్‌కూ నడుమ 3 అంగుళాల చెక్క పట్టీ పెట్టించాం. దాన్ని ఇక్కడ ఫిల్లర్ అంటారు. ప్లానులోనే ఉండి ఉంటే దాని ఖర్చు లెక్కలోకి రాదు. మాకు మాత్రం ఆ ఏడాది హైదరాబాదు ప్రయాణం మానుకోవలసినంత అయింది.

ఇంకొకటి చెప్తాను, జాగ్రత్తగా వినండి. డిజైన్ సెంటరులో ఒప్పుకున్నవి సాధారణంగా ఇంటి రుణంలో కలుస్తాయి. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ళ రుణంలో కలిపిన 1,000 డాలర్లు తీరేసరికి సుమారు 2,275 అవుతాయి. అక్కడివాళ్ళు నెలకు ఆరు డాలర్లే కదా అంటారు. మీరు మొత్తం అడగండి.

డిష్‌వాషర్ తలుపు కిందికి తెరుచుకుని దాదాపు 26 అంగుళాలు ముందుకు వస్తుంది. ఎదురుగా ఐలాండ్, అంటే వంటగది నడుమ విడిగా ఉండే కౌంటరు, ఉండి, నడిచే దారి 42 అంగుళాలైతే మనిషికి మిగిలేది 16. సెలవులకు అమ్మానాన్నలు వచ్చి, నలుగురూ వంటగదిలో తిరుగుతుంటే, వేడి కుక్కరు పట్టుకుని ఆ సందులోంచి వెళ్ళడం ప్రమాదం. ఇద్దరు వండే ఇంటికి 48 అంగుళాల దారి ఉండాలని ఇక్కడి వంటగది నిపుణుల సంఘం ఎన్‌కేబీఏ సూచన. డిష్‌వాషర్‌కు ఎదురుగా ఓవెన్ రాకుండా చూడండి, రెండు తలుపులూ ఒకేసారి తెరవలేరు. మూల దగ్గర కూడా ఫిల్లర్ కావాలి, లేకపోతే ఒక సొరుగు పిడి రెండో సొరుగును రానివ్వదు.

మైక్రోవేవ్ తలుపు దాదాపు అన్నిటికీ ఎడమవైపే తిరుగుతుంది. అందుకే వేడి గిన్నె దించే కౌంటరు కుడివైపు ఉండాలి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో చాలావాటికి కీళ్ళు మార్చుకోవచ్చు, రెండు తలుపులవాటికి కుదరదు. గ్యాసు, కరెంటు లైన్లు జరిపితే అనుమతి కావాలి, ఆ వివరాలు మీ నగరం వెబ్‌సైటులో ఉంటాయి.

ఇప్పుడున్న ఇంట్లో ప్రతి తలుపూ నేను కూర్చుని గీయించిందే. సామాను మోడల్ నంబర్లు ముందే తెలుసుకుని, తలుపు తెరిచినప్పటి కొలతలున్న కాగితం తీసుకెళ్ళాను. మీరూ తీసుకెళ్ళండి. పొయ్యి పక్క గోడ క్యాబినెట్‌కు ఒకే తలుపుంటే కీలు పొయ్యికి దూరంగా ఉన్న వైపు పెట్టించండి, అప్పుడు పొయ్యి దగ్గర నిలబడే పోపు డబ్బా అందుకోవచ్చు. ఆర్డరు ఫారంలో కీలు ఎటువైపో ఎల్ (ఎడమ) అనో ఆర్ (కుడి) అనో ఒక్క అక్షరంగా ఉంటుంది. చదివాకే సంతకం పెట్టండి.