రెండు కిలోల బ్యాగు విమానానికి బరువా?

ప్రశ్న: శంషాబాద్ నుంచి మా తమ్ముడు దుబాయ్ పోతుంటే బ్యాగు రెండు కిలోలు ఎక్కువుందని పైసలు కట్టించుకున్నరు. అంత పెద్ద విమానానికి రెండు కిలోలు ఒక లెక్కా? నిజంగ ఇంధనం మిగలాల్నంటే కంపెనీలు ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఏ320 రకం విమానంలో టన్ను బరువు పెరిగితే గంటకు సుమారు 35 కిలోల ఇంధనం అదనంగా కాలుతుంది. దుబాయ్‌కి నాలుగు గంటలనుకుంటే, ఆ రెండు కిలోలకు అయ్యేది లీటరులో మూడో వంతు. మీ తమ్ముడు కట్టింది ఇంధనం ఖర్చు కాదు, కంపెనీ రాబడి! కాకపోతే 180 మందీ తలా రెండు కిలోలు ఎక్కువ తెస్తే 50 కిలోల ఇంధనం అదనంగా పోతుంది.

అంతకన్నా పెద్ద బరువు ఇంధనమే. నిబంధనల ప్రకారం ఉండాల్సిన నిల్వ మీద, ఎందుకైనా మంచిదని ఇంకో టన్ను నింపితే, ఆ నాలుగు గంటల్లో దాన్ని మోయడానికే 140 కిలోలు కాలుతుంది. వాతావరణం బాగున్న రోజు ఇది దండగ. పొగమంచు రోజుల్లో మాత్రం కోత పెట్టకూడదు. ఒక్క విమానం వేరే ఊరికి మళ్లిందంటే నెల పొదుపు పోయినట్టే. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు, వ్యాట్ రాష్ట్రానికో తీరు. అందుకని చౌక ఉన్నచోట ఎక్కువ నింపుకుపోతుంటారు. నాలుగు గంటల దూరానికి, దిగేచోట ధర కనీసం 16 శాతం ఎక్కువుంటేనే అది గిట్టుతుంది.

నేల మీద పోయేదీ తక్కువేం కాదు. తోకలో ఉండే చిన్న ఇంజను, ఏపీయూ, కరెంటుకూ ఏసీకీ గంటకు 100 కిలోలకు పైగా తాగుతుంది. ఎయిర్‌పోర్టు కరెంటు, చల్లగాలి గొట్టం తగిలిస్తే దాన్ని ఆపేయవచ్చు. చిక్కంతా మే నెల ఎండల్లోనే. గొట్టం ఎక్కడైనా మడతపడితే గాలి సగమే లోపలికి వెళ్తుంది, క్యాబిన్ ఉడికిపోతుంది, సిబ్బంది మళ్లీ ఏపీయూ వేస్తారు. గొట్టం పొట్టిగా, తిన్నగా వేయించడం ఖర్చులేని పని.

దిగాక ఒక ఇంజను ఆపి, రెండోదానితో స్టాండుకు, అంటే విమానం నిలిపే చోటుకు, రావచ్చు. ఆపే ముందు దాన్ని సుమారు మూడు నిమిషాలు ఐడిల్‌లో, అంటే తక్కువ వేగంతో తిరగనిచ్చి, చల్లారనివ్వాలి. రన్‌వే పక్కనే స్టాండు ఉంటే ఈ పద్ధతితో మిగిలేది ఏమీ లేదు.

ప్రశ్న: రెక్కల కొసలు పైకి వంచి ఉంటయి, ఎందుకు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కొస దగ్గర కింది గాలి పైకి జారి సుడి తిరుగుతుంది, విమానాన్ని వెనక్కి లాగుతుంది. నిలువు కొస ఆ సుడిని బలహీనపరుస్తుంది. ఏ320కి ఇవి సుమారు 2.4 మీటర్ల ఎత్తుంటాయి. దూర ప్రయాణాల్లో 4 శాతం దాకా ఇంధనం మిగులుస్తాయి. హైదరాబాద్–తిరుపతి లాంటి గంట ప్రయాణానికి లాభం బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే వాటి బరువు మాత్రం ఎప్పుడూ మోయాల్సిందే.