క్రియాటినిన్ 1.2 చూసి నార్మల్ అనకు

అమ్మాయికి ఆశీస్సులు.

రాయగడలో వార్డు డ్యూటీ అన్నావు కదా, కిడ్నీల ద్వారా బయటికి పోయే యాంటీబయాటిక్ జెంటామైసిన్ సంగతి ముందే రాస్తున్నాను. గుణుపూర్, కాశీపూర్ వైపు నుంచి వచ్చే ముసలమ్మలు చాలామంది 40 కిలోలు కూడా ఉండరు. క్రియాటినిన్ అంటే కండల్లో పుట్టి కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం, ఒంట్లో కండ లేకపోతే అది పుట్టేదే తక్కువ. అందుకే రిపోర్టులో 1.2 కనిపించినా కిడ్నీలు బాగున్నాయని నమ్మకు.

కిడ్నీలు నిమిషానికి ఎన్ని మి.లీ. రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో లెక్క కట్టు. 140లోంచి వయసు తీసేసి బరువుతో హెచ్చవేయి. దాన్ని 72, క్రియాటినిన్‌ల లబ్ధంతో భాగించు. ఆడవాళ్లకైతే 0.85తో మళ్లీ హెచ్చవేయి. 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రమే ఇది. 70 ఏళ్లు, 36 కిలోలు, 1.2 అయితే నిమిషానికి 25 మి.లీ. వస్తుంది. అదే 1.2 ఉన్న 30 ఏళ్ల, 60 కిలోల కుర్రాడికి 76.

బరువు కళ్లతో అంచనా కట్టకు. 50 అని రాశావంటే ఆ ముసలమ్మకే 34 వస్తుంది, జెంటా డోసు 180 మి.గ్రా. బదులు 250 వెళ్లిపోతుంది. నిలబడలేకపోతే కొడుకు ఎత్తుకుని తూకం ఎక్కాలి, తర్వాత అతని బరువు తీసెయ్. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే అది అంచనాగా రాసిన వయసు కావచ్చు, పెద్దబిడ్డ వయసు అడిగి సరిచూసుకో.

మొదటి డోసు తగ్గించకు తల్లీ. అది ఒంట్లో మందు పరుచుకునే నీటిని బట్టి ఉంటుంది, కిడ్నీని బట్టి కాదు. కిలోకు 5 చొప్పున 180 మి.గ్రా., అంటే 2 మి.లీ.లో 80 ఉండే వయల్ నుంచి 4.5 మి.లీ. సెలైన్‌లో కలిపి అరగంటకు తగ్గకుండా ఎక్కించు.

ప్రమాదమంతా రెండో డోసులోనే. మొదటిది అయ్యాక రక్తంలో లీటరుకు 20 మి.గ్రా. ఉందనుకో. కిడ్నీలు బాగుంటే రెండు మూడు గంటలకోసారి సగమవుతూ మర్నాటికి దాదాపు ఖాళీ. ఈమెకు సగమవడానికే సుమారు 8 గంటలు: 20, 10, 5, మర్నాడు ఇదే వేళకి ఇంకా 2.5. దాని మీద మళ్లీ వేస్తూ పోతే కిడ్నీ దెబ్బతింటుంది, చెవి పోతుంది. పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. 48 గంటలు ఆగి, రక్తంలో మందు లెవెల్ లీటరుకు 1 మి.గ్రా. లోపుకు వచ్చిందని చూసుకునే రెండోది ఇవ్వు. లెవెల్ రిపోర్టు వేళకు అందదంటే వేరే యాంటీబయాటిక్ గురించి సీనియర్‌ని అడుగు.

క్రియాటినిన్ రోజురోజుకీ ఎక్కుతుంటే ఈ సూత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు జెంటా జోలికి పోకు. సికిల్ సెల్ ఉన్నవాళ్లలోనూ క్రియాటినిన్ మోసం చేస్తుంది. ఊళ్లో డైక్లోఫెనాక్ సూది పడిందేమో అడుగు, ఆ నొప్పి మందు కూడా కిడ్నీని దెబ్బతీస్తుంది.

కేస్ షీట్‌లో ‘ఓడీ’ (రోజుకొకసారి) అని రాయకు, అలవాటుగా మర్నాడు పొద్దున ఇచ్చేస్తారు. తర్వాతి డోసు తేదీ, గంట రాసి, నర్సుకు నోటితో కూడా చెప్పు.