బెయిల్ వచ్చినా జైల్లోనే ఉంటే పైన అడిగే నాథుడు ఎవరు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది శ్రీకాకుళం జిల్లా. మీ బావమరిది హైదరాబాద్ పక్కన కంపెనీలో పనిచేస్తూ ఒక కొట్లాట కేసులో ఇరుక్కున్నాడు. బెయిల్ వచ్చి నెల దాటింది. 20,000 చొప్పున ఇద్దరు లోకల్ షూరిటీలు (పూచీ పడే స్థానికులు) కావాలన్నారు. అక్కడ మీకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. స్టేషన్లో అడిగితే కోర్టు అంటున్నారు, కోర్టులో అడిగితే జైలు అంటున్నారు. వీళ్లందరి పైన అడిగే నాథుడు ఎవరైనా ఉన్నాడా అని.

ఉన్నాడండీ. ఒక్కడు కాదు, అరడజను మంది ఉన్నారు. చిక్కల్లా వాళ్లలో చాలామంది తమంతట తాము కదలరు. చేతికి కాగితం అందితేనే ఫైలు తెరుస్తారు. నేను లాయర్ని కాను. కోస్తాలో ఒక జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో పారాలీగల్ వాలంటీరుగా, అంటే లాయర్లకీ ఖైదీలకీ మధ్య సాయపడే మనిషిగా, కొన్నేళ్లు కూర్చున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందు మీ పని సంగతి. సుప్రీంకోర్టు 2023 జనవరి 31న సరిగ్గా మీలాంటి కేసుల కోసమే ఒక ఆర్డర్ ఇచ్చింది. దాని ప్రకారం బెయిల్ ఇచ్చిన రోజే, లేదా మర్నాడు, ఆర్డర్ కాపీని కోర్టు ఈమెయిల్లో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి పంపాలి. 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే ఆ సంగతి సూపరింటెండెంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి తెలపాలి. సెక్రటరీ ఒక వాలంటీర్‌నో ప్రొబేషన్ అధికారినో జైలుకి పంపి, ఆ మనిషి ఆర్థిక పరిస్థితి మీద రిపోర్టు రాయించి, షరతులు సడలించమని కోర్టు ముందు పెట్టొచ్చు. నెల దాటినా షూరిటీలు పడకపోతే కోర్టే తనంతట తాను కేసు తీసి షరతులు మార్చే విషయం చూడొచ్చు. లోకల్ షూరిటీ కోసం పట్టుబట్టడం వల్లే విడుదల ఆలస్యమవుతోందని, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకపోవచ్చని కూడా అందులోనే ఉంది.

మీకు నెల దాటింది కాబట్టి ఇవన్నీ మీకు వర్తిస్తాయి. ఎవరూ కదల్లేదంటే ఎక్కడో ఒకచోట కాగితం ఆగిపోయిందన్నమాట.

మీరు చేయాల్సింది ఒకటే. కేసు నడుస్తున్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీ పేరున ఒక పేజీ దరఖాస్తు రాయండి. సెక్రటరీ అంటే గుమాస్తా కాదు, ఒక జడ్జి. ఆఫీసు సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. దరఖాస్తులో బెయిల్ ఆర్డర్ తేదీ, కేసు నంబరు, జైలు పేరు, షూరిటీలు ఎందుకు దొరకడం లేదో నాలుగు ముక్కలు రాస్తే చాలు. శ్రీకాకుళం నుంచి రాలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ కూడా చేయండి, కానీ ఫోన్ చేశాం కదా అని కాగితం మానేయొద్దు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచిత న్యాయ సహాయం ఇవ్వడానికి ఆదాయం లెక్క అడగకూడదు, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్లోనే ఉంది. ఇప్పుడు చాలా జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని పూర్తికాలం లాయర్లు ఉన్నారు. షరతు సడలించమనే పిటిషన్ వాళ్లే వేస్తారు.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చాడు. ఫోను దొంగతనం కేసు. క్లినిక్‌లో బల్ల ముందు నిలబడి కేసు నంబరు అడిగితే తెలియదన్నాడు. "బెయిల్ కాలేదు సార్" అన్నాడు. కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ యాప్‌లో చూస్తే బెయిల్ ఎప్పుడో అయిపోయింది! ఇద్దరు జామీనుదారులు కావాలని ఆర్డర్. అతనికి ఆ జిల్లాలో తెలిసింది బట్టీ మేస్త్రీ ఒక్కడే, ఆ మేస్త్రీ ఫోను ఎత్తడం మానేశాడు. ఊళ్లో ఎవరు సంపాదిస్తారు, భూమి ఉందా, ఇల్లు సొంతమా అద్దెదా అంటూ రిపోర్టు ఫారం నింపుతుంటే "స్థిర నివాసం" అన్న గడి దగ్గర అతను ఆగిపోయాడు. బట్టీ దగ్గర వేసుకున్న గుడిసె చెప్పాలా, ఊళ్లో తల్లి ఉన్న ఇల్లు చెప్పాలా అని. రెండూ రాశాను. లీగల్ ఎయిడ్ లాయర్ పిటిషన్ వేశాక మేజిస్ట్రేట్ షూరిటీలు తీసేసి సొంత పూచీకత్తు మీద, వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలన్న షరతుతో వదిలారు. అందులో అసాధారణమైన వాదనేమీ లేదు. ఆ అమ్మాయి, అదే మా లాయరు, గట్టిగా ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మధ్యప్రదేశ్‌లో 10,000కి జామీను అడిగారు. సోదరుడు వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మేస్త్రీని 1,000 సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. మలయాళీయో తెలుగువాడో ఎక్కడో దూరాన ఉత్తరాదిలో అరెస్టయితే అక్కడి షూరిటీ ఎక్కడ తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. మీ శ్రీకాకుళం, హైదరాబాద్ గొడవకి సరిగ్గా సరిపోతుంది. పిటిషన్లో ఈ తీర్పు ప్రస్తావించమని లాయరుకి చెప్పండి.

డబ్బే అడ్డమైతే ఇంకో దారి ఉంది. పేద ఖైదీలకు సాయం కింద కేంద్రం 2023లో ఒక పథకం పెట్టింది. మార్గదర్శకాలు వచ్చినప్పుడు అండర్ ట్రయల్‌కి (విచారణ ఖైదీకి) 40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25,000 దాకా అన్నారు. డబ్బు ఖైదీ చేతికి ఇవ్వరు, కోర్టులో కడతారు. కలెక్టర్, ఎస్పీ, న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీ, జైలు సూపరింటెండెంట్, ఒక జడ్జి ఉండే జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది. గంజాయి కేసులకీ, అవినీతి కేసులకీ, ఉగ్రవాద నిరోధక చట్టం ఉపా కేసులకీ ఇది వర్తించదు. కొట్లాట కేసు కాబట్టి మీరు అడగొచ్చు. షూరిటీల బదులు నగదు డిపాజిట్ కడతామని అడిగే వీలు కూడా ఉంది, ఒప్పుకోవడం కోర్టు ఇష్టం.

ఒక్కటి మాత్రం చేయొద్దు. కోర్టు బయట చెట్టు కింద కూర్చుని "ఇద్దరు షూరిటీలు పెట్టిస్తా, ఇంత ఇవ్వండి" అనేవాళ్లు దొరుకుతారు. వాళ్లు తెచ్చే ఇంటిపన్ను రసీదులు దొంగవని తేలితే కేసు మీ బావమరిది మెడకి కూడా చుట్టుకుంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న, పైన ఎవరున్నారు అని. వింత ఏమిటంటే, స్టేషన్, కోర్టు, జైలు ఈ మూడింట్లో ఎక్కువ కళ్లు ఉన్నది జైలు మీదే అని నాకు అనిపించింది. జిల్లా జడ్జి అధ్యక్షతన, కలెక్టర్, ఎస్పీ సభ్యులుగా అండర్ ట్రయల్ రివ్యూ కమిటీ ఉంటుంది. బెయిల్ వచ్చి షూరిటీ లేక ఆగిపోయిన వాళ్ల జాబితా ఆ కమిటీ ముందుకు రావాలి. జడ్జీలు జైలు చూడ్డానికి వస్తారు. 1979 డిసెంబర్‌లో సునీల్ బాత్రా కేసులో జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని కోర్టు చెప్పింది. ఆ కేసు మొదలైంది కూడా తీహార్ నుంచి ఒక ఖైదీ రాసిన ఉత్తరంతోనే. తన కోసం కాదు, తోటి ఖైదీని హింసించారని రాశాడు. కాబట్టి ములాఖత్‌కి వెళ్లినప్పుడు మీ బావమరిదితో కూడా సూపరింటెండెంట్ పేరున ఒక అర్జీ రాయించండి. చదువు రాకపోతే లోపల లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో రాసిపెడతారు.

ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం విడుదలకి అర్హుడు. కోర్టుకి ఆ దరఖాస్తు పెట్టే బాధ్యత సూపరింటెండెంట్‌దే. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు. ఇంకో కేసు కూడా పెండింగ్‌లో ఉంటే చిక్కే. అందుకే మీవాడి మీద పాత కేసు ఏదైనా ఉందేమో ముందే కనుక్కోండి.

కోర్టుల మీద అజమాయిషీ హైకోర్టుది, రాజ్యాంగం 235వ అధికరణం. కింది కోర్టు మీద కోపం వచ్చినా ఫిర్యాదు దగ్గర మొదలుపెట్టొద్దు. షరతు భారంగా ఉంటే తగ్గించమని సెషన్స్ కోర్టునో హైకోర్టునో అడిగే హక్కు అదే బీఎన్‌ఎస్‌ఎస్ 484వ సెక్షన్లో ఉంది. పిటిషన్‌తో అయ్యే పనికి ఫిర్యాదు పెడితే నెలలు పోతాయి.

పోలీసుల మీద మాత్రం కాగితాల్లో ఉన్నంత నిఘా నేలమీద కనబడదు. జిల్లాల్లో, రాష్ట్ర స్థాయిలో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పారు, రాష్ట్రాలు ఏళ్ల తరబడి సాగదీశాయి. మీవాణ్ని స్టేషన్లో కొట్టారని అనుమానముంటే సీసీ కెమెరాల ఫుటేజ్ గురించి వెంటనే అడగండి. 2020 డిసెంబర్‌లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో ఫుటేజ్ 18 నెలలు దాచాలని, వీలుకాకపోతే ఏడాదికి మాత్రం తగ్గకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఫలానా తేదీ ఫుటేజ్ చెరిపేయకుండా ఉంచమని ఎస్పీకో కమిషనర్‌కో రాసి, కాపీ మేజిస్ట్రేట్‌కి ఇవ్వండి. మానవ హక్కుల కమిషన్‌కి వెళ్లాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. కమిషన్ సిఫార్సు చేస్తుందే కానీ శిక్ష వేయదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. అయినా కమిషన్ నుంచి నోటీసు వచ్చిందంటే స్టేషన్లో మాట తీరు మారడం నేను చూశాను.

చివరగా ఒక చిన్న విషయం. షరతు సడలించిన రోజు విడుదల ఆర్డర్ సాయంత్రం లాకప్ టైముకి ముందే జైలుకి చేరిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. చేరకపోతే ఆ రాత్రీ లోపలే, మర్నాడే బయటికి. మీ దగ్గర అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు (కేసు గుర్తింపు నంబరు) లేకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతికితే దొరుకుతుంది. నంబరు ఇక్కడ పెట్టొద్దు, అందరూ చూస్తారు. కేసు ఏ సెక్షన్ల కింద ఉందో, ఎన్ని నెలల నుంచి లోపల ఉన్నాడో మాత్రం కింద రాయండి, 479 మీవాడికి వర్తిస్తుందో లేదో చూసి చెబుతాను.