శ్రీసిటీలో దుభాషిగా చేరబోతున్న అమ్మాయికి

చిత్తూరు

చి. శైలజకు,

పెద్దనాన్న ఆశీస్సులు. శ్రీసిటీలోని జపాను కంపెనీ నిన్ను దుభాషిగా తీసుకుందని మీ నాన్న ఫోనులో చెప్పిన రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. తిరుపతిలో మామిడిని ఎగుమతికి సిద్ధం చేసేచోట జపాను తనిఖీ అధికారుల పక్కన నిలబడి పనిచేసినవాణ్ణి. అక్కడ నేర్చుకున్నది నీకు చెప్పకుండా ఉండలేను.

ముందు పండు ఈగ సంగతి. ఆ ఈగ తమ తోటల్లోకి వస్తుందన్న భయంతో జపాను 1986లో మన మామిడిని ఆపేసింది. మళ్లీ రానిచ్చింది 2006లో. ఇరవై ఏళ్లమ్మా! రెండు దేశాలకూ తగవేమైనా ఉందా అంటే లేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపానుతో శాంతి ఒప్పందానికి 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశానికి, జపానుకు సమాన గౌరవం దక్కలేదని మనం వెళ్లలేదు. మరుసటి ఏడు విడిగా శాంతి ఒప్పందం చేసుకున్నాం, యుద్ధ పరిహారం కూడా వదులుకున్నాం. జపాను తన మొట్టమొదటి యెన్ రుణం ఇచ్చింది మనకే, 1958లో. ఇంత చెలిమి ఉన్నా ఈగ విషయంలో మాత్రం వాళ్లు మెట్టు దిగలేదు. పండులో ఈగ గుడ్లు, పురుగులు ఉంటే చచ్చేలా, ఆవిరి గదిలో పండు లోపలి వేడి 47.5 డిగ్రీలకు చేరి ఇరవై నిమిషాలు నిలవాలి. అలా నిలుస్తుందని చూపించాకే మన బేనిషాకు, అదే బంగినపల్లికి, అనుమతి దొరికింది.

ఒకరోజు పండ్లలో గుచ్చిన సెన్సర్లలో ఒకటి అర డిగ్రీ తక్కువ చూపింది. మావాళ్లలో ఒకరు "పరవాలేదు సార్, అయిపోతుంది" అన్నారు. దుభాషి దాన్ని "ఇబ్బంది లేదు" అని జపానీలో చెప్పాడు. అధికారి "హాయ్, హాయ్" అని తలూపాడు. ఒప్పుకున్నాడని మేము సంబరపడ్డాం. గంట తరువాత ఆ విడత పండ్లన్నీ పక్కన పెట్టించాడు. "హాయ్" అంటే చాలాసార్లు "వింటున్నాను" అని మాత్రమే. అలాగే "కెంతో షిమాసు", అంటే పరిశీలిస్తాం అన్నారంటే, ఎక్కువగా కాదన్నట్టే. మన "చూద్దాంలెండి" లాంటిదే కాబట్టి నీకు చప్పున అర్థమవుతుంది. మనవాళ్లు "అయిపోతుంది" అంటే ఎప్పటికి, ఎంతవరకు అని అడిగి తెలుసుకుని, అప్పుడే జపానీలో చెప్పు. ఆలస్యమయ్యేట్లుంటే ఆ మాట ముందురోజే చెప్పించు. చివరి గంటలో తెలిస్తే వాళ్లకు పనికంటే మనిషి మీద నమ్మకం పోతుంది.

భాషకు భయపడకు. మనలాగే వాళ్లకూ క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తి నామం వెనక వస్తుంది. తమిళమూ తెలుగూ మాట్లాడుతూ పెరిగిన మన సరిహద్దు పిల్లలకు అది కొత్త కాదు. జాగ్రత్త పడవలసింది మర్యాద దగ్గర. మనం బయటివాళ్లతో "మా మేనేజరు గారు" అంటాం. వాళ్లు బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు సొంత కంపెనీ పెద్దల పేరుకు "సాన్" చేర్చరు. తెలుగు అలవాటు కొద్దీ అక్కడే నీ నాలుక జారుతుంది.

సమావేశంలో ఎవరూ ఏమీ తేల్చకపోతే కంగారు పడవద్దు. "నెమవాషి" అని వాళ్లకొక మాట ఉంది. చెట్టును మరోచోట నాటేముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడం దాని అసలు అర్థం. ఒక్కొక్కరినీ విడిగా కలిసి ఒప్పించాకే విషయాన్ని అందరి ముందు పెడతారు. మామిడి తోటల్లో పుట్టినదానివి, ఈ పని నీకు నేర్పనక్కరలేదు. మీ తెలుగు ఇంజనీర్లకు మాత్రం ఓపికగా వివరించు. సమావేశంలోనే తేలిపోవాలని వాళ్లు తొందరపడతారు.

తీరిక దొరికినప్పుడు మీ జపాను పెద్దలను తిరుచానూరుకు తీసుకెళ్లు. మన లక్ష్మిని వాళ్లు కిచిజోతెన్ అంటారు, సరస్వతిని బెంజైతెన్ అంటారు. క్రీ.శ. 752లో నారా నగరంలోని తొదాయిజీ ఆలయంలో మహాబుద్ధుడి విగ్రహానికి కన్నులు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధ భిక్షువు బోధిసేనుడే. కార్లూ యంత్రాలూ రాకముందే దేవతలు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లారని వాళ్లతో చెప్పు. ఆ మాట చెప్పినప్పుడు ఒక ముసలి అధికారి కళ్లు చెమర్చడం నేను చూశాను.

మీ నాన్న చేత బేనిషా పెట్టె పంపుతున్నాను. నీ పై అధికారికి రెండు చేతులతో ఇవ్వు. నీ ఎదుట విప్పకపోతే నొచ్చుకోకు, ఇచ్చినవాళ్ల ముందు విప్పకపోవడం వాళ్ల మర్యాద. పండ్లు ఇంకా రెండు రోజులు మాగాలి, ఆ మాట కూడా చెప్పు.

మీ పెద్దనాన్న