మారతహళ్ళి ఫ్లాట్‌లో బాస్ గుయ్‌మంటోందా? ముందు సోఫా జరపండి

బెంగళూరు మారతహళ్ళిలోని మీ ఫ్లాట్‌లో బాస్ (పాటలోని లోతైన, బరువైన శబ్దం) గుయ్‌మంటోందని, పాటలో మాటలు తెలియడం లేదని, స్పీకర్లలో లోపమా అని అడిగారు. స్పీకర్లలో లోపం ఉందనుకోను. రెండూ మూలల్లో ఉన్నాయి, సోఫా ఎదురు గోడకు ఆనుకుని ఉందన్నారు. బాస్ గుయ్‌మనడం, పాటలో మాటలు తెలియకపోవడం అందువల్లే. 12 అడుగుల పొడవున్న గది దాదాపు 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు, అంటే లోతైన బాస్) దగ్గర తానే మోగుతుంది. ఆ మోత గోడల దగ్గరే ఎక్కువ.

1. స్పీకర్లను మూలల నుంచి తీసి, గోడకు 2 అడుగుల ఎడంగా పెట్టండి.

2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. సోఫా కూడా జరపాలి, గోడకు 3–4 అడుగులు ముందుకు. సరిగ్గా గది మధ్యలో మాత్రం వద్దు, అక్కడ ఆ బాస్ దాదాపు మాయమవుతుంది. బాగా తెలిసిన పాట పెట్టి, అరడుగు చొప్పున జరుగుతూ వినండి. బెంగళూరు అద్దె ఇళ్ళలో చోటు ఇరుకే. వినేటప్పుడు ఒక కుర్చీ వేసుకున్నా చాలు.

3. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని, పై శబ్దాలిచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి.

ఈక్వలైజర్ (బాస్ లాంటి శబ్దాలను విడివిడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) ఆ తర్వాతే ముట్టుకోండి.