లెక్కల భయంతో న్యూరోసైన్స్ వదులుకోవద్దు

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మమ్మకు అల్జీమర్స్. పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు, కానీ చూపు, నడక బాగానే ఉన్నాయి. ఈ జబ్బు మెదడులో కొన్ని చోట్లనే ముందుగా ఎందుకు దెబ్బతీస్తుందో పరిశోధించాలని ఉంది. దీనికి కోడింగ్, స్టాటిస్టిక్స్ తప్పవంటున్నారు. లెక్కలంటే నాకు టెన్షన్. ఈ దారి నాకు సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది. అమ్మమ్మలో మీరు గమనించిన ఆ తేడానే ఈ రంగంలో అసలు ప్రశ్న. ఈ జబ్బులో నాడీకణాల (న్యూరాన్ల) లోపల పేరుకునే టావ్ ప్రొటీన్ చిక్కులు మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో మొదట ఎంటోరైనల్ ప్రాంతం దగ్గర కనిపించి, హిప్పోక్యాంపస్‌కూ ఆ తర్వాత మిగతా కార్టెక్స్‌కూ పాకుతాయని 1991లో హైకో బ్రాక్, ఎవా బ్రాక్ అనే శాస్త్రవేత్తలు దశలవారీగా చూపించారు. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే ఆ మొదటి రెండు చోట్లూ బాగుండాలి. చూపును అందుకునే ప్రాథమిక కార్టెక్స్ వంతు బాగా ఆలస్యంగా వస్తుంది. నడకలో తూకం చూసుకునే చిన్నమెదడుకు టావ్ దెబ్బ చాలా తక్కువ.

మరి చోటుకీ చోటుకీ ఈ తేడా ఎందుకు? అన్ని కణాల్లోనూ ఉన్నది దాదాపు ఒకే డీఎన్ఏ కదా! తేడా అంతా ఏ కణంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందన్న దాంట్లో ఉంటుంది. జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటే అదే. స్టాటిస్టిక్స్ అవసరం కూడా ఇక్కడే మొదలవుతుంది. జబ్బున్న మెదడు ముక్కలో న్యూరాన్ల జన్యువులు తగ్గినట్టు కనిపించాయనుకోండి. జన్యువులు నెమ్మదించాయా, లేక న్యూరాన్లే చనిపోయి వాటి సంఖ్య తగ్గిందా? రెండింటికీ గ్రాఫ్ ఒకేలా వస్తుంది. ఈ తికమక తీర్చడానికే ఇప్పుడు ఒక్కో కణ కేంద్రకంలో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో విడిగా చదువుతున్నారు. ఈ అనుమానం ముందుగా రావలసింది జీవశాస్త్రం తెలిసినవాళ్లకే. కాబట్టి మీ చదువు వృథా అనుకోకండి.

లెక్కల్లో మీరు దిట్ట కానక్కర్లేదు. సగటు, వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయి), పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం), రిగ్రెషన్ (ఒకటి మారితే మరొకటి ఎలా మారుతుందో చూసే లెక్క), ఒకేసారి వేల జన్యువులను పరీక్షించినప్పుడు తప్పుడు ఫలితాలు ఎలా పుట్టుకొస్తాయి... ముందు ఇవి గట్టిగా పట్టుకోండి. కోడింగ్ భాషల్లో ఆర్ గానీ పైథాన్ గానీ, ఒక్కటి చాలు.

తర్వాత, మెదడులో ఏ చోట ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చూపే అల్లెన్ హ్యూమన్ బ్రెయిన్ అట్లాస్ తెరవండి. ఉచితమే. అందులో అల్జీమర్స్ రిస్క్‌తో ముడిపడిన ఏపీఓఈ జన్యువును తీసుకుని, హిప్పోక్యాంపస్‌లో ఎంత, చిన్నమెదడులో ఎంత అని మీరే గ్రాఫ్ గీయండి. తేడా కనిపించగానే కారణం దొరికిందని మాత్రం అనుకోకండి. ఆ అట్లాస్ ఆరుగురు దాతల మెదళ్ల మీదే తయారైంది. పైగా మెదడులో ఏపీఓఈని ప్రధానంగా తయారుచేసేవి న్యూరాన్లకు తోడ్పడే ఆస్ట్రోసైట్లు అనే కణాలు, న్యూరాన్లు కావు. ఈ చిన్న ప్రాజెక్టును శ్రద్ధగా రాసిపెట్టుకుంటే, మాస్టర్స్ దరఖాస్తులో మార్కుల పక్కన చూపించడానికి మీ సొంత పని అంటూ ఒకటి ఉంటుంది.

కోర్సు పేరులో న్యూరోసైన్స్ ఉందా, బయోఇన్ఫర్మేటిక్స్ ఉందా అన్నది పెద్దగా పట్టించుకోవద్దు. ల్యాబ్‌ను చూడండి. కణజాలంతో పనిచేసేవాళ్లూ డేటా చూసేవాళ్లూ అక్కడ కలిసి కూర్చుని మాట్లాడుకుంటారా అన్నది, చేరే ముందే అక్కడి పీహెచ్‌డీ విద్యార్థులను అడిగి తెలుసుకోండి.