ఆఖరి బస్సు టైం చూసుకో, బిడ్డా

బిడ్డా,

ములుగు దిక్కు తండాల ఆడపిల్లలకు ఆదివారాలు లెక్కలు, ఫిజిక్స్ చెప్తవని మీ నాయిన ఫోన్ల చెప్పిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అటెంకనే గుండె గుబేల్మన్నది. తండా నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కున్నవా?

సుద్దముక్కలు, పాత పేపర్లు, కొలతల టేపు నువ్వే చూసుకుంటవ్. నేను చెప్పేది వేరే.

నేను హైస్కూల్ల చెప్పే రోజులల్ల ఒక లంబాడీ పిల్ల ఉండె. నేను బోర్డు మీద లెక్క సగం రాయకముందే జవాబు పట్టేది. "వికర్ణం" అంటే మాత్రం తెల్లమొఖం వేసేది. కాయితం మూలకు మూల మడిచి చూపిస్తే, "గిదా టీచర్!" అని నవ్వేది. పదో తరగతి మెమో పట్టుకొని నాయినతోటి మా ఇంటికొచ్చింది, ఏ గ్రూపు తీసుకోవాలె అని. "ఎంపీసీకి హన్మకొండ పోవాలె, ల్యాబు అయ్యేసరికి చీకటి పడ్తది. మీ మండలంల సీఈసీ ఉన్నది, దాంట్ల చేరు" అన్న. దయ అనుకున్న. అదే ఏడు, ఆమె కంటే తక్కువ మార్కులొచ్చిన పిల్లగానికి హాస్టల్ సీటు కోసం నేనే చిట్టి రాసిచ్చిన. ఆమెకు గూడ అడుగుదామన్న సోయి రాలే. పోయేటప్పుడు వాళ్ల నాయిన గడప కాడ ఆగి, "పంపుదామనే వచ్చినం టీచర్" అన్నడు. ఇరవై ఏండ్లాయె. ఇప్పటికీ రాత్రి బస్సు హారన్ వింటే ఆ మాటే యాదికొస్తది.

అప్పుడు దారులు తక్కువ. 2018 నుంచి ఐఐటీలల్ల ఆడపిల్లలకు అదనపు సీట్లున్నయి. 2021 నుంచి జేఈఈ మెయిన్ తెలుగుల గూడ రాయొచ్చు. బాసర ట్రిపుల్ ఐటీల సీటుకు సర్కారు బడి పిల్లలకు కొంత అదనంగ కలుపుతరు. తండాల గివి ఎందరికి తెలుసు? దరఖాస్తు తేదీలు గోడ మీద పెద్దగ రాయి. పిల్లలకు చెప్పి ఊకోకు, తల్లిదండ్రులను కూసోబెట్టి చెప్పు. వాళ్లు వద్దంటరని నీ అంతట నువ్వే అనుకోకు, నా తీరుగ.

ఇంకోటి. నువ్వు జోరుగ చెప్పుకుంట పోతవ్, వెనుక కూసున్నోళ్ల దిక్కు చూడవ్. చిన్నప్పుడు పదమూడో ఎక్కం కాడ ఆగి నా చీర కొంగు పట్టుకున్నది నువ్వే గదా!

వచ్చే ఆదివారం నేనూ వస్త. మోకాళ్లు నొస్తయి, ముందటి సీటు ఆపు.

మీ అత్త
హన్మకొండ